తూర్పు దిక్కు నుంచి వచ్చినవాళ్ళం

కిందటి నెల ఒక కాలేజీలో వలసల మీద సభ పెట్టి నన్ను మాట్లాడమని పిలిచారు. వేదిక మీద నన్ను పరిచయం చేసిన కుర్ర లెక్చరరు మంచివాడే. గొంతులో బోలెడు జాలి నింపుకుని, "దిక్కులేని స్థితిలో బర్మా నుంచి ఈ గడ్డకి చేరి, ఈ నగరం చూపిన దయతో ఇంతటివారైన..." అని మొదలుపెట్టాడు. ముందు వరసలో మా అమ్మ కూర్చుని ఉంది. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. పూల లుంగీ, తెల్ల జాకెట్టు, ముడిలో మల్లెలు. ఈమధ్య చెవులు సరిగా వినపడవు కాబట్టి తను ఎంత గట్టిగా మాట్లాడుతోందో తనకి తెలియదు. పక్కనున్న అమ్మాయిని, "ఏటంతన్నాడు?" అని అడిగింది. "మీరు దిక్కులేక వచ్చారంటున్నారండీ" అంది ఆ పిల్ల మర్యాదగా. "దిక్కులేకేటి? తూరుపు దిక్కు నించొచ్చినాం. ఆ బాబుకి సెప్పు" అంది అమ్మ, హాలంతా వినపడేలా.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ "దయ" అన్న మాట నన్ను వదల్లేదు. మాకు సాయం చేసినవాళ్ళు లేరని కాదు, ఉన్నారు, వాళ్ళ పేర్లు చెప్తాను కూడా. కానీ ఎవరి దయ మీదా ఎవరూ ఒక ఊళ్ళో నిలబడలేరు. మేం ఎలా నిలబడ్డామో ఎవరైనా రాయాలంటే అది నేనే రాయాలి.

రంగూన్లో మా ఇల్లు రేవుకి దగ్గర. నాన్న అప్పారావు ఓడల దగ్గర సరుకు దింపించే పనిలో ఉండేవాడు. నాన్న తల్లి, మా నాయనమ్మ పైడమ్మ, అక్కడే పుట్టింది. ఆవిడ తండ్రి ఆనందపురం పక్క పల్లె నుంచి కూలికి ఓడెక్కి వెళ్ళినవాడు. నాయనమ్మ ఇండియా నేల ఎన్నడూ తొక్కలేదు, అయినా "మన దేశం" అంటే ఆవిడకి ఇండియాయే. తండ్రి నోట విన్న తెలుగు తప్ప ఇంకో తెలుగు తెలీదు. అమ్మ పేరు ఖిన్ మియా. పక్క వీధి బర్మా పిల్ల. వాళ్ళ పెళ్ళికి ఇటువైపు వాళ్ళూ రాలేదు, అటువైపు వాళ్ళూ రాలేదు. నాయనమ్మ ఒక్కతే అన్నం వండి, వచ్చిన నలుగురు స్నేహితులకీ వడ్డించిందట. నేను వాళ్ళకి ఒక్కతే కూతుర్ని. అక్కడివాళ్ళు మమ్మల్ని "కలా" అనేవారు. పరాయి జాతి అని.

సైనిక ప్రభుత్వానికి ఎదురుతిరిగి ఊళ్ళో గొడవలు రేగినప్పుడు ఒక పొద్దున రేవుకి వెళ్ళిన నాన్న తిరిగి రాలేదు. సైనికుల కాల్పుల్లో పోయాడని తోటి పనివాళ్ళు వచ్చి చెప్పారు. మనిషిని మాకు చూపించలేదు. తర్వాత మా వీధి వీధంతా ఖాళీ చేసి ఊరవతల చిత్తడి నేలల్లోకి పొమ్మన్నారు. నాయనమ్మ, "మన దేశం పోదాం" అంది. అమ్మ అక్కలు వచ్చి, ముసలావిణ్ణి వాళ్ళవాళ్ళ దగ్గరికి పంపేసి నువ్వు మాతో ఉండిపో అన్నారు. అమ్మ వాళ్ళకి టీ పోసింది. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే లోపలికొచ్చి మూటలు కట్టింది. కొండలు దాటి మణిపూరు, అక్కణ్ణించి లారీలు, బస్సులు, కలకత్తాలో రైలు. విశాఖపట్నంలో దిగినప్పుడు నాయనమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి చుట్టూ వినపడుతున్న తెలుగు వింటూ, "అందరూ మా నాయిన్లాగే మాటాడతన్నారే" అని ఏడ్చింది. ఆ ప్రయాణం మొత్తంలో ఆవిడ సంతోషంగా ఉన్నది ఆ కాస్సేపే.

ఆనందపురం పక్కనున్న ఆ పల్లెలో నాయనమ్మ చిన్నాన్న కొడుకు ఉన్నాడు. సూర్నారాయణ. ఆవిడకి వరసకి తమ్ముడు. అక్కడ అక్కని అప్ప అంటారు. పెంకుటిల్లు, ముందు పశువుల పాక, వెనక జీడితోట. మమ్మల్ని చూసి ముందు బాగానే సంబరపడ్డారు. నీళ్ళు తోడిచ్చారు. వసారాలో పీటలు వేసి అన్నం పెట్టారు. అందరికీ కాదు. నాయనమ్మకీ నాకూ వసారాలో, అమ్మకి బయట అరుగు మీద, అరిటాకులో. అమ్మకి అప్పటికి తెలుగు నాలుగు మాటలు కూడా సరిగా రావు. ఆకు వంక చూసింది, మా వంక చూసింది, తినడం మొదలుపెట్టింది.

సూర్నారాయణ తాత గొంతు సవరించుకుని, నాయనమ్మనీ నన్నూ చూస్తూ, "అప్పా, నువ్వు మా రకతం. నీకూ ఈ గుంటకీ ఇంత కూడెట్టలేనోళ్ళం కాదు. ఎన్నాళ్ళున్నా ఉండండి. ఆ మడిసే..." అన్నాడు.

"ఆ మడిసికి పేరుంది. నా కోడలు" అంది నాయనమ్మ.

"కాదన్ను. ఏ కులమో, ఏటో. రేపు నా కూతుళ్ళకి సమందాలు రావాల గదా. పట్నంలో ఆడోళ్ళకి ఆశ్రమాలున్నాయంట. అక్కడెడదాం. నెలకోపాలి ఎల్లి సూసొద్దువుగాని."

నాయనమ్మ అప్పుడే పప్పన్నం కలిపి ముద్ద చేసింది. ఆ ముద్దని అలాగే కంచంలో పెట్టేసి లేచింది. "మా నాయిన ఈ ఊరి గురించి సెప్పిందంతా అబద్దంరా తమ్ముడూ" అంది. చెయ్యి కడుక్కోకుండానే నా రెక్క పట్టుకుని మెట్లు దిగింది. అమ్మ కూడా ఆకు మడిచి లేచింది. ఆనందపురం కూడలిలో బస్సు కోసం నిలబడ్డప్పుడు అమ్మ బర్మా భాషలో, "ఏమైంది?" అని అడిగింది. నాయనమ్మ బర్మా భాషలోనే, "కూర బాగోలేదు" అంది. అరుగు మీద అరిటాకు ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మా కోసం రాలేదు. మేమూ ఆ మెట్లు ఎక్కలేదు.

బర్మా నుంచి మాకంటే చాలా ముందు ఓడల మీద వచ్చినవాళ్ళ కాలనీ ఒకటి విశాఖపట్నంలో ఉంది. అక్కడ ఒక గది దొరికింది. రేకుల కప్పు, మట్టినేల, వెనక ఉమ్మడి కుళాయి. గోడకి ఒకటే చెక్క పలక. దాని మీద ఒక పక్క అమ్మ తెచ్చుకున్న బుద్ధుడి పటం, రెండో పక్క నాయనమ్మ కొన్న సింహాద్రి అప్పన్న పటం. పొద్దున్నే అమ్మ చిన్న గిన్నెలో మంచినీళ్ళు పెట్టేది. నాయనమ్మ ఆ నీళ్ళనే సగం పంచి అప్పన్న ముందు పెట్టేది. ఎండు రొయ్యలు నూరే వాసన, పక్కింట్లో వేగే ఉల్లిపాయల వాసన, స్టవ్ కిరసనాయిలు వాసన కలిసిపోయి మా బట్టలకి ఎప్పుడూ ఉండేవి. నాకు ఇప్పటికీ ఇల్లంటే ఆ వాసనే.

కాలనీ పెద్దలు మంచి కోరే చెప్పారు. "చీర కట్టుకో. పేరు మార్చుకో. మేం వచ్చినప్పుడు అన్నీ మార్చుకున్నాం, అందుకే బతికాం" అన్నారు. అమ్మ వినేది, తల ఊపేది, మర్నాడు మళ్ళీ తన బర్మా లుంగీయే కట్టేది. "మగోళ్ళ లుంగీ కట్టింది" అని కుళాయి దగ్గర నవ్వేవారు. బర్మాలో ఆడవాళ్ళు ఒక చెట్టు బెరడుని సానమీద అరగదీసి గంధంలా మొహానికి పూసుకుంటారు. దాని పేరు తనఖా. అమ్మ బుగ్గల మీద ఆ పూత చూసి, "అదేటే?" అని ఒకావిడ అడిగితే, అమ్మ గర్వంగా, "తనఖా" అంది. "ఓలమ్మో, ఏటి తనకా ఎట్టీసినావే, పుస్తెలా?" అని ఆవిడ గుండెలు బాదుకుంది. తెలుగులో ఆ మాటకి అర్థం ఏమిటో నాయనమ్మ విడమర్చి చెప్పాక అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇండియా వచ్చాక అమ్మ అలా నవ్వడం అదే మొదటిసారి.

అన్నిటికంటే పెద్ద గొడవ పూల దగ్గర వచ్చింది. బర్మాలో మొగుడు పోయినా ఆడది తలలో పూలు మానదు. ఇక్కడ ఊరుకుంటారా? ఒకరోజు కుళాయి దగ్గర ఒక పెద్దావిడ అమ్మ ముడిలోంచి కనకాంబరాలు లాగిపారేసింది. "మొగుడు పోయినదానివి, బుద్ది లేదేటి?" అంది. బిందె నింపుకుంటున్న నాయనమ్మ లేచి, కింద పడిన పూలు ఏరి, దులిపి, తన కోడలి ముడిలో తనే మళ్ళీ పెట్టింది. "పోయినోడు నా కొడుకు. ఏడవాల్సినదాన్ని నాను. నానే పూలెడతన్నాను. ఇంకెవులికేటి నొప్పి?" అంది. ఆ రోజు నుంచి పూల బుట్టవాడు వస్తే డబ్బులిచ్చి కొనేది నాయనమ్మే.

నన్ను బడిలో వేసినప్పుడు కూడా ఆవిడే వచ్చింది. నా పేరు నీలార్. అక్కడి టీచరు, "చివర ఆ ర్ ఎందుకండీ, నీల అని రాసేద్దాం, బావుంటుంది" అంది. "ఆ అచ్చరం తీసేత్తే మీ బడి తేలికైపోద్దేటి?" అంది నాయనమ్మ. నా పేరు చివర ఆ అక్షరం ఈరోజుకీ ఉంది. పిలవడం రానివాళ్ళు నేర్చుకున్నారు.

ఇక తిండి సంగతి. అమ్మకి వచ్చిన విద్య మొహింగా ఒక్కటే. చేపల్ని ఉడికించి, ముళ్ళు తీసి, నిమ్మగడ్డి, అరటిదూట, వేయించిన శనగపిండి వేసి చిక్కగా కాచిన పులుసు. అది బియ్యపు సేమియా మీద పోసి పెడతారు. చేపల కోసం తెల్లారగట్ల ఫిషింగ్ హార్బరుకి వెళ్ళేది. సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. బోట్లు వచ్చి ఆగగానే అక్కడ చేపల వేలంపాట మొదలవుతుంది. బుట్టలతో ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటారు. భాష రాని మనిషిని ఎవరు లెక్కచేస్తారు? అమ్మ కవళ్ళ చేపల గుట్ట మీద చెయ్యి వేసేసరికి సింహాద్రమ్మ అనే ఆవిడ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. అమ్మ తిరిగి రెండు పొడిచింది. ఆవిడ తెలుగులో, అమ్మ బర్మా భాషలో మొదలుపెట్టారు. ఒకరి తిట్లు ఒకరికి అర్థం కావు. అయినా ఎక్కడా తగ్గలేదు. చుట్టూ పాట ఆగిపోయింది, జనం గుమికూడి వినోదం చూశారు. ఇద్దరికీ గొంతు పోయాక అక్కడే బోర్లించిన బుట్టల మీద కూలబడ్డారు.

అమ్మ జాకెట్టులోంచి చుట్ట తీసి వెలిగించింది. సింహాద్రమ్మ కూడా బొడ్డులోంచి చుట్ట తీసి వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. అడ్డపొగ. మత్స్యకార ఆడవాళ్ళు అలాగే తాగుతారని అమ్మకేం తెలుసు? నిప్పు మింగేస్తోందనుకుని గభాల్న ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. సింహాద్రమ్మ నోరు తెరిచి, లోపల కాలుతున్న చుట్ట చూపించి, మళ్ళీ మూసుకుని పొగ వదిలింది. "ఒలే, నువ్వే తిరగేసి కాలుత్తన్నావు" అంది. నేను అది బర్మా భాషలో అమ్మకి చెప్పాను. అలా మొదలైంది వాళ్ళ స్నేహం. ఖిన్ మియా అన్న పేరు ఆవిడ నోట్లో పడి కిన్నెమ్మ అయ్యింది. హార్బరంతా కిన్నెమ్మే.

అమ్మ ఒక పెద్ద తపేలాతో హార్బరు గేటు బయట కూర్చుని మొహింగా అమ్మడం మొదలుపెట్టిన రోజు ఎవరూ దగ్గరికి రాలేదు. వాసన చూసి వెళ్ళిపోయారు. సింహాద్రమ్మ వచ్చి గిన్నె పట్టింది, నిలబడే మొత్తం తాగింది, మూతి తుడుచుకుని, "పులుపు సాల్నేదు, కారం అసలే నేదు. మనుసులు తినీదేనా ఇది?" అంది. అమ్మ ఊరికే ఒప్పుకునే రకం కాదు. వాదించింది. కానీ మర్నాడు చింతపండు వేసింది, ఎండుమిరప వేయించి వేసింది. సముద్రం మీంచి చలికి బిగుసుకుపోయి వచ్చిన కలాసీలు ఆ వేడి పులుసు కోసం ఆగడం మొదలుపెట్టారు. రంగూన్లో ఎవరైనా దాన్ని మొహింగా అంటారో అనరో నాకు తెలీదు. విశాఖపట్నంలో అదే మొహింగా.

అప్పుడు పోలీసు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. నాయనమ్మ సంగతి వేరు, ఆవిడ మూలం ఇక్కడిదని రుజువులున్నాయి. అమ్మ మాత్రం విదేశీయురాలు. ఎందుకు ఉంటున్నావో వచ్చి చెప్పుకోవాలి. కాలనీ పెద్దలు భయపడి, ఏడువు, కాళ్ళు పట్టుకో, చీర కట్టుకుని వెళ్ళు అన్నారు. అమ్మ ఉతికిన లుంగీ కట్టుకుని, బుగ్గలకి తనఖా పూసుకుని, పూలు పెట్టుకుని వెళ్ళింది. నేనూ, సింహాద్రమ్మా వెంట. సింహాద్రమ్మ తలమీద చేపల బుట్ట అలాగే ఉంది. బుట్ట బయట పెట్టమన్నారు. "బైటెడితే కుక్కలు తినేత్తాయి బాబూ. మా పని బేగి సూసి పంపించీండి" అందావిడ. కాస్సేపటికే మమ్మల్ని లోపలికి పిలిచారు.

ఆఫీసరు మర్యాదస్తుడు. నెమ్మదిగా చెప్పాడు. "చూడమ్మా, ఇక్కడ మీకు ఎవరూ లేరు. వేరే రాష్ట్రంలో శరణార్థుల శిబిరాలున్నాయి. అక్కడికి పంపిస్తే తిండీ బట్టా వాళ్ళే చూస్తారు."

అప్పటికి అమ్మకి తెలుగు వచ్చేసింది. హార్బరు తెలుగు. "తిండి నాను వొండి ఊరికి పెడతన్నాను బాబూ. నాకెవులు పెడతారు?" అంది.

ఆయన ఫైలు తిప్పాడు. "అది కాదు. మీకంటూ ఇక్కడ..."

"మా అత్తుంది. గుంటుంది. ఇంకెంతమంది ఉండాల?"

"మరి మీ దేశం ఎప్పుడు వెళ్తారు?"

అమ్మ కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుంది. నాన్న గురించి బయటివాళ్ళ ముందు తను మాట్లాడటం నేను అంతవరకూ వినలేదు. "మా ఆయన్ని కాల్చినోళ్ళు ఆ కుర్సీల్లోంచి దిగినాక" అంది. కళ్ళు ఆయన మొహం మీంచి తిప్పలేదు. ఆఫీసరు సంతకం పెట్టాడు. ఏడాదికోసారి వచ్చి కనపడమన్నాడు. అమ్మ ఏటేటా వెళ్ళింది, ఏటేటా అదే బట్టల్లో. చాలా ఏళ్ళకి ఇక్కడి పౌరసత్వం ఇచ్చినప్పుడు కూడా లుంగీతోనే వెళ్ళి తీసుకుంది.

నిలదొక్కుకోలేకపోయింది నాయనమ్మే. ఇది ఎవరూ అనుకోని సంగతి. తన దేశానికి తను వచ్చింది, భాష తనది, దేవుడు తనవాడు. అయినా పగలంతా గుమ్మంలో కూర్చుని, "ఇంటికెప్పుడెలతాం?" అని అడిగేది. "ఇదే కదా నాయనమ్మా మన దేశం" అంటే, "ఇది మా నాయిన దేశం. నాది కాదు" అనేది. మా అందరి కోసం పోట్లాడిన మనిషి తన కోసం పోట్లాడలేకపోయింది. ఒక మధ్యాహ్నం గంజి తాగి పడుకుని మళ్ళీ లేవలేదు. తలకొరివికి మగవాళ్ళు కావాలి, ఆనందపురం కబురు పెడదామన్నారు కాలనీ పెద్దలు. అమ్మ నిప్పుకుండ తన చేతిలోకి తీసుకుంది. "అక్కడ ఆవిడ అన్నం కూడా తిన్లేదు. అగ్గెలాగ పుచ్చుకుంతాది?" అంది. కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. హార్బరు ఆడవాళ్ళు శ్మశానం దాకా వచ్చారు. బూడిద సముద్రంలో కలిపేటప్పుడు అమ్మ ఏడుస్తూనే, "తిన్నగా ఎలిపో అత్తా, ఎదరంతా రంగూనే" అంది.

ఇప్పుడు బీచిరోడ్డులో బర్మా తిండి అమ్మే బళ్ళు వరసగా ఉన్నాయి. కార్లలో వచ్చి, ఫొటోలు తీసుకుని తింటారు. వాసన అని ముక్కు మూసుకునేవాళ్ళు లేరు. నా కూతురి స్నేహితురాళ్ళు సరదాకి తనఖా పూసుకుంటామని అమ్మ దగ్గరికి వస్తారు. మేం మారాం, ఊరూ మారింది. మేం సర్దుకున్నామని అందరూ మెచ్చుకుంటారు. ఊరు కూడా మాతో సర్దుకుందని ఎవరూ అనరు. నేను అంటున్నాను.

ఒక్క సంగతి చెప్పాలి. నాకు ఉక్కునగరంలో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, పరవాడ వైపు పొలాలు ఫ్యాక్టరీలకి పోయి, అచ్చియ్యమ్మ అనే ఆవిడా ఆవిడ భర్తా మా పక్క గదిలోకి అద్దెకి వచ్చారు. ఆయన కాంట్రాక్టు పనికి వెళ్ళేవాడు. ఆవిడ తలుపు దగ్గర కూర్చుని ఏడ్చేది. కుళాయి దగ్గరికి రావడానికి భయం, కొట్టుకి వెళ్ళడానికి భయం. పాస్‌పోర్టు అక్కర్లేదు, భాష మారలేదు, బస్సెక్కితే గంటన్నరలో తన ఊరు. కానీ ఆ ఊరు లేదు. అమ్మ రెండు రోజులు చూసింది. మూడో రోజు తెల్లవారగానే తలుపు కొట్టి, ఆవిడ చేతికి బుట్ట ఇచ్చి, హార్బరుకి తీసుకెళ్ళింది. ఆదివారం కాబట్టి నేనూ వెళ్ళాను.

పాట మొదలైంది. జనం తోశారు. అచ్చియ్యమ్మ వెనక్కి వెనక్కి వచ్చి గోడకి ఆనుకుంది. కళ్ళనిండా నీళ్ళు. నేను సాయానికి వెళ్ళబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అక్కణ్ణించే, "ఏడుపు ఇంటికాడ ఏడు. ఇక్కడ బేరమాడు!" అని అరిచింది. అచ్చియ్యమ్మ ముక్కు చీది మళ్ళీ గుంపులోకి వెళ్ళింది. ఒకామె ఆవిడ బుట్ట కాలితో పక్కకి తన్నింది. అంతే, ఎక్కణ్ణించి వచ్చిందో ఆ గొంతు! "ఎవుత్తివే నా బుట్ట తన్నీసీది? మూడెకరాలు పోగొట్టుకొచ్చినాను, బుట్ట కూడా పోగొట్టుకోమంతావా?" అని చీర కొంగు నడుముకి బిగించి ముందుకి దూకింది. జనం విడిపోయి దారిచ్చారు.

అమ్మ నా చెయ్యి వదిలేసింది. "ఇంక మనం ఎలిపోదాం. ఈవిడిక్కడిదే" అంది.